గేరు ఎక్కడ మార్చాలో శ్రుతి చెప్పింది: మా ఆల్టో ప్రాజెక్టు డైరీ

జనవరి 4, ఆదివారం

కారు ఇంటికి వచ్చి ఇరవై రోజులైంది. 2015 నాటి ఆల్టో 800. ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, అయిదు గేర్లు. డ్యాష్‌బోర్డు మీద వేగం చూపించే ముల్లు ఉంది కానీ, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే మీటరు లేదు.

నలభై ఆరేళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకున్నాను. స్కూల్లో మాస్టారు నేర్పింది ఒకే ఒక్క సూత్రం: ఇరవైకి రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, యాభైకి అయిదు. విశాఖ బీచ్ రోడ్డు మీద అది బాగానే పనిచేసింది. కానీ ఈ ఊళ్లో సముద్రం వైపు వీపు పెట్టి ఏ వీధిలోకి తిరిగినా ఎత్తో పల్లమో ఎదురవుతుంది. నిన్న సాయంత్రం అమ్మను ఎక్కించుకుని హనుమంతవాక వైపు ఎత్తు ఎక్కుతుంటే ముల్లు నలభై దాటింది. నేర్చుకున్నట్టే నాలుగో గేరు వేశాను. స్టీరింగు వణికింది, గేరు రాడ్డు చేతిలో దడదడలాడింది, కారు నీరసించిపోయింది. వెనక బస్సు హారను. కంగారులో ఏ గేరు వేయాలో తోచక బ్రేకు తొక్కేశాను, ఇంజను ఆగిపోయింది. అమ్మ ఒక్క మాట అనలేదు, పైన ఉన్న పిడిని గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి నా కళ్లముందు నుంచి పోవడం లేదు.

అందుకే ఈ నోటు పుస్తకం. ఏ గేరు ఎప్పుడు మార్చాలో, ఎందుకు మార్చాలో నా కారుకు నేనే తెలుసుకుంటాను.

జనవరి 11, ఆదివారం

తమ్ముడు ఓడ దిగి సెలవులో వచ్చాడు. వాడి ఉద్యోగమే ఓడల ఇంజన్లతో. జరిగినదంతా విని, "మీటరు లేకపోతే ఏమైంది అక్కా? పాతికేళ్లుగా సంగీతం పాఠం చెబుతున్నావు. శ్రుతి తప్పితే పక్క గదిలోంచి పట్టేస్తావు. ఇంజను వినబడదా నీకు?" అన్నాడు.

అన్నాక లెక్క చెప్పాడు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. మూడు సిలిండర్లు కనుక రెండు చుట్లకు మూడు మంటలు. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 మంటలు, అంటే 50 హెర్ట్జ్ ధ్వని. హెర్ట్జ్‌ను నలభైతో గుణిస్తే చుట్లు వచ్చేస్తాయి. ఇది మూడు సిలిండర్ల కారుకు. నాలుగు సిలిండర్ల కారైతే ముప్పైతో గుణించాలి.

ఇంత సులువైన లెక్క ఇన్నాళ్లూ నాకెవరూ చెప్పలేదు. వెంటనే శ్రుతులు వేసుకుని కూర్చున్నాను. నా దగ్గర నేర్చుకునే మగపిల్లలు పాడే ఒకటి శ్రుతిలో షడ్జం, అంటే 'స', సుమారు 131 హెర్ట్జ్. దానికి ఒక స్థాయి కింద, అంటే అందులో సగం, మంద్ర షడ్జం 65.4. నలభైతో గుణిస్తే 2,616 చుట్లు. దాని కింది పంచమం ('ప') 49 హెర్ట్జ్, అంటే 1,960 చుట్లు. ఈ కారుకు గరిష్ఠ టార్కు, అంటే తిప్పే బలం, 69 న్యూటన్ మీటర్లు, 3,500 చుట్ల దగ్గర వస్తుంది. దాన్ని నలభైతో భాగిస్తే 87.5 హెర్ట్జ్. మంద్ర శుద్ధ మధ్యమం ('మ') 87.3! ఇంజను తన బలమంతా చూపించేది మధ్యమం దగ్గర అని తెలిశాక ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

జనవరి 18, ఆదివారం

సంక్రాంతి సందడి తగ్గింది. తెల్లవారుజామున అయిదున్నరకు రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్లాం. తమ్ముడు నడిపాడు, నేను పక్కన కూర్చుని ఫోనులో ధ్వని తరంగాలు చూపించే యాప్ తెరిచాను. నడుపుతూ ఫోను చూడకూడదన్నది మొదటి రోజే పెట్టుకున్న నియమం.

మొదటి గంట వృథా అయింది. రెండో గేరులో గంటకు 31 కిలోమీటర్లు వెళుతుంటే యాప్ 131 చూపించింది. నలభైతో గుణిస్తే 5,240. ఆ వేగంలో అన్ని చుట్లు తిరిగితే ఇంజను కేకలు పెట్టాలి, ఇదేమో హాయిగా కూనిరాగం తీస్తోంది. ఫోను మైకు బాగా కిందిస్థాయి ధ్వనులను సరిగా పట్టలేదు, అసలు స్వరంతో పాటు పై స్థాయిలో, రెట్టింపు హెర్ట్జ్‌లో పలికే అనుస్వరాన్ని పట్టి చూపిస్తోంది. తంబూరా తీగలో అనుస్వరాల గురించి పిల్లలకు ఏడాదికోసారి పాఠం చెప్పే నేనే ఈ పొరపాటు చేశాను. తమ్ముడు స్టీరింగు కింద ఉన్న సాకెట్‌కు ఇంజను చుట్లు చదివే చిన్న బ్లూటూత్ రీడరు తగిలించాడు. అందులో 2,630. సగం చేసి నలభైతో గుణిస్తే నా లెక్క 2,620. రెండూ కలిశాయి.

అప్పటి నుంచి యాప్ మూసేశాను. బ్యాటరీతో నడిచే శ్రుతిపెట్టెను ఒకటి శ్రుతిలో సన్నగా పెట్టి ఒళ్లో ఉంచుకున్నాను. ఇంజను షడ్జానికి చేరువవుతుంటే రెండు ధ్వనుల మధ్య వినిపించే హెచ్చుతగ్గుల అలలు నెమ్మదిస్తాయి, కలిసినప్పుడు ఆగిపోతాయి. తంబూరా శ్రుతి చేసేటప్పుడు చెవి పట్టుకునేది కూడా ఆ అలలనే. "ఇప్పుడు" అనగానే తమ్ముడు వేగం చదివాడు. భీమిలి చేరేసరికి పుస్తకంలో ఇవి పడ్డాయి:

షడ్జం దగ్గర, అంటే సుమారు 2,600 చుట్ల దగ్గర, మొదటి గేరులో 17, రెండులో 31, మూడులో 45, నాలుగులో 63, అయిదులో 76.

ఇవి నా కారు స్పీడోమీటరులో చదివిన అంకెలు. వేరే కారులో, వేరే టైర్లతో ఇవి మారిపోతాయి.

న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 900 చుట్లు తిరుగుతుంది. అంటే 22 హెర్ట్జ్, మనిషి చెవికి అందే హద్దు దగ్గర. అందుకే అది సీటులోంచి ఒంటికి వణుకుగా తెలుస్తుంది, స్వరంగా వినిపించదు.

జనవరి 25, ఆదివారం

ఈ వారమంతా నేనే నడిపాను. షడ్జం వినిపించగానే గేరు మార్చడం. చదును రోడ్డు మీద ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. స్కూల్లో నేర్పిన ఇరవై-ముప్పై సూత్రానికి దగ్గరగానే ఉన్నా, పై గేర్లలో తేడా కనబడింది. యాభైకి అయిదు వేస్తే ఇంజను 1,700 దగ్గర పడుతోంది, చదునులో కూడా లాగలేకపోతోంది. అరవై దాటాక వేస్తే చక్కగా సాగుతోంది.

ఈ రోజు పొద్దున తొట్లకొండ ఎత్తు ఎక్కాం. అక్కడ నా షడ్జం సూత్రం కూలిపోయింది.

రెండో గేరులో 31, షడ్జం పలికింది. క్లచ్ తొక్కాను, మూడు వేశాను, క్లచ్ వదిలాను. మళ్లీ అదే వణుకు, అదే నీరసం. కారు పక్కకు ఆపి హ్యాండ్ బ్రేకు వేసి ఇద్దరం లెక్క చూసుకున్నాం. 31 దగ్గర మూడో గేరు వేస్తే ఇంజను దిగాల్సింది సుమారు 1,780కి. కానీ ఎత్తులో క్లచ్ తొక్కి ఉన్న ఆ ఒక్క సెకనులోనే వేగం 27కి పడిపోయింది. 27 దగ్గర మూడో గేరు అంటే 1,550. అంత తక్కువలో ఈ చిన్న ఇంజనుకు ఎత్తు ఎక్కే బలం లేదు.

"నువ్వు బయలుదేరే స్వరం చూస్తున్నావు. దిగే స్వరం చూడాలి" అన్నాడు తమ్ముడు.

ఈ మాటను పెద్ద అక్షరాలతో రాసి కింద గీత గీశాను. గమకం పాడేటప్పుడు పిల్లలకు నేను చెప్పేదీ ఇదే, ఎక్కడికి చేరాలో తెలియకుండా గొంతు కదపకూడదని.

రెండోసారి రెండో గేరును వదలకుండా 40 వరకు పట్టి ఉంచాను. శబ్దం షడ్జాన్ని దాటి మధ్యమానికి కొద్దిగా కిందకు వచ్చింది. ఇంజనుకు ఏదో అయిపోతోందని నా చెయ్యి గేరు మీదకు పోతూనే ఉంది. "ఉండు, ఉండు" అన్నాడు. 40 దగ్గర మార్చాను. క్లచ్‌లో మూడు కిలోమీటర్ల వేగం పోయి 37 దగ్గర మూడో గేరు పట్టుకుంది. 2,100 చుట్లు, కింది పంచమానికి పైనే. కారు ఆగకుండా ఎక్కింది. పైన బౌద్ధ స్తూపం దగ్గర నిలబడి సముద్రం చూస్తున్నంతసేపూ నా ధ్యాస ఆ మూడో గేరు మీదే ఉంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

పట్టిక మళ్లీ గీశాను. ఈసారి ఒక్కో గేరులో కింది పంచమం పలికే వేగం కూడా రాశాను: రెండులో 23, మూడులో 34, నాలుగులో 48, అయిదులో 58.

దీన్ని ఎలా చదవాలంటే, ఎత్తులో మూడో గేరు కావాలంటే క్లచ్ వదిలేసరికి కారు కనీసం 34లో ఉండాలి. క్లచ్‌లో పోయే మూడు నాలుగు కిలోమీటర్ల వేగం కలుపుకుని 38 వరకు రెండులోనే సాగించాలి. చదునులో ఇంత పట్టింపు అక్కర్లేదు. కాలు తేలికగా పెడితే ఇంజను పంచమానికి కింద కూడా ఇబ్బంది పడకుండా లేస్తుంది. రెండో గేరు 17 దగ్గర వేస్తే 1,450 చుట్లకు దిగుతుంది, అయినా వణకదు, ఎందుకంటే దాని మీద బరువు లేదు. వణుకు వచ్చేది చుట్లు తక్కువై, కాలు బలంగా తొక్కినప్పుడు. ఈ రెండూ కలిసినప్పుడే గేరు దించాలి. అప్పుడు యాక్సిలరేటరు మరింత తొక్కితే నష్టమే తప్ప వేగం రాదు.

ఇంకో సంగతి. ఒక గేరు నుంచి మరో గేరుకు స్వరం ఎంత పడుతుందో కొలిస్తే, ఒకటి నుంచి రెండుకు పడే దూరం దాదాపు షడ్జానికీ కైశిక నిషాదానికీ ('ని'లో ఒక రకం) ఉన్నంత. రెండు నుంచి మూడుకు పంచమమంత. మూడు నుంచి నాలుగుకు ప్రతి మధ్యమమంత ('మ'లో పైది). నాలుగు నుంచి అయిదుకు సాధారణ గాంధారమంత ('గ'లో ఒక రకం). కింది గేర్ల మధ్య దూరాలు ఎక్కువ, పై గేర్ల మధ్య తక్కువ. ఈ నాలుగు స్వరాలూ షణ్ముఖప్రియ రాగంలో ఉన్నాయి, హేమవతిలోనూ ఉన్నాయి. కారు తయారు చేసినవారు రాగం చూసి పళ్ల చక్రాలు చెక్కలేదని నాకు తెలుసు. అయినా మొదటి గేరు నుంచి అయిదు దాకా మనసులో పాడుకుంటే చెయ్యి దానంతట అదే సిద్ధమవుతోంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

గేరు దించడం. దీనికి నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడ్డాను.

మూడో గేరులో 30తో వెళుతూ రెండుకు దించితే ఇంజను 1,700 నుంచి 2,500కి ఎక్కాలి. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే ఆ ఎక్కుడు చక్రాల మీద పడి కారు ముందుకు తూలుతుంది. అమ్మ పక్కన ఉంటే తల ముందుకు ఊగుతుంది. ఇన్నాళ్లూ దానికి భయపడి క్లచ్‌ను సగం మీద చాలాసేపు పట్టి ఉంచేదాన్ని. అలా చేస్తే క్లచ్ ప్లేటు అరిగిపోతుందని, ఎత్తులో వచ్చే కాలిన వాసన దానిదేనని తమ్ముడు చెప్పాడు.

క్లచ్ తొక్కి ఉండగానే యాక్సిలరేటరును కొద్దిగా తాకి ఇంజనును పై స్వరానికి చేర్చి, అక్కడ క్లచ్ వదలాలి. రెండు-మూడు మధ్య దూరం పంచమం కదా. మూడో గేరు స్వరాన్ని షడ్జంగా పెట్టుకుని లోపల 'ప' అనుకుని కాలు తాకించాను. మొదటి పది సార్లు ఎక్కువ తాకించాను, ఇంజను గయ్యిమంది. పదకొండోసారి ఏమీ జరగలేదు. అంటే నిజంగానే ఏమీ జరగలేదు, తూలలేదు, కుదుపు లేదు, గేరు మారిందన్న సంగతి స్వరం మారినందుకే తెలిసింది. తమ్ముడు నా వైపు తిరిగి చూశాడు. ఆ తర్వాత ఎండాడ దాకా అవసరం ఉన్నా లేకపోయినా దించుతూ ఎక్కిస్తూ వెళ్లాను.

జాతీయ రహదారి మీద లారీని దాటడం కూడా ఈ రోజే. నాలుగో గేరులో 60 అంటే 2,450. అక్కడి నుంచి ఎంత తొక్కినా ఈ కారు మెల్లగానే కదులుతుంది, అంతసేపూ మనం లారీ పక్కనే ఉంటాం. మూడుకు దించితే 3,450, సరిగ్గా మధ్యమం. ముందు దించి, దారి ఖాళీగా ఉందని చూసుకుని, తర్వాత పక్కకు తియ్యాలి. 80 దాకా మూడులోనే సాగించి నాలుగు వేశాను. శబ్దం పెద్దదైతే ఇంజను పాడవుతుందన్న భయం ఈ దెబ్బతో పోయింది. దీని పూర్తి శక్తి, 48 అశ్వాలు, వచ్చేదే 6,000 దగ్గర. మధ్యమం దాటినందుకు దానికేమీ కాదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

అరకు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక ఘాటు రోడ్డు మొదలైంది. తమ్ముడు, అమ్మ, నేను, ఒక బుట్ట ఇడ్లీలు.

ఘాటులో నా పట్టిక అంకెలన్నీ కాస్త పైకి జరపాల్సి వచ్చింది. దిగే స్వరం కింది పంచమం సరిపోలేదు, షడ్జమే కావాలి. అంటే మూడో గేరు 45 ఉంటేనే, అంత వేగం అక్కడ ఎక్కువసేపు నిలవదు. కనుక చాలా దూరం రెండో గేరే. మలుపుల దగ్గర 22కు తగ్గకుండా ఉంటే రెండు లాగింది. ఒకచోట ముందు వెళుతున్న లారీ 12కు పడిపోయింది. మొండిగా రెండులోనే ఉండిపోయాను, దడదడ మొదలైంది. మొదటి గేరు వేస్తే 1,850కి చేరి కుదురుకుంది. కదులుతుండగా మొదటి గేరు వేయకూడదని ఎవరో ఎప్పుడో చెప్పిన మాట నన్ను ఆపింది. నెమ్మదిగా ఉన్నప్పుడు, కాలు తాకించి వేస్తే, అది హాయిగా పడుతుంది.

అనంతగిరి దాటాక కారు ఇంకా బరువెక్కినట్టు అనిపించింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు బలం తగ్గుతుంది ఇలాంటి ఇంజనుకు. పెద్ద కారుకు పదో వంతు పోతే తెలియకపోవచ్చు, దీనికి వెంటనే తెలుస్తుంది. ఏసీ ఆపేశాను, గాలి కూడా చల్లగానే ఉంది. దారిలో ఒకచోట కాఫీ తాగి ఇంజనుకు, నాకు కాస్త విశ్రాంతి ఇచ్చాం.

దిగేటప్పుడు నియమం ఒక్కటే, ఎక్కిన గేరులోనే దిగడం. మూడో గేరులో 40 దగ్గర ఇంజను కారును పట్టలేకపోయింది, బ్రేకు మీదే కాలు. రెండుకు దించి 30 దగ్గర కాలు తీసేస్తే కారు తనంతట తానే నిలదొక్కుకుంది. బ్రేకు మలుపుల ముందే అవసరమైంది. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు పూర్తిగా తీస్తే ఈ ఇంజనులో పెట్రోలు చిమ్మడం ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో జారుతూ దిగితే మాత్రం ఇంజను ఆగకుండా ఉండటానికి పెట్రోలు ఖర్చవుతూనే ఉంటుంది, పైగా పట్టి ఉంచేదేమీ ఉండదు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో ఘాట్లు దిగేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. వాళ్లందరికీ ఫోను చేసి ఈ సంగతి చెప్పాను.

ఎస్.కోట చేరేసరికి అమ్మ నిద్రపోయింది. చెయ్యి ఒళ్లో ఉంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

ట్యాంకు నింపి, తిరిగి, మళ్లీ నింపి లెక్క వేశాను. జనవరి మొదట్లో లీటరుకు 14.6. ఈ నెలలో అవే వీధుల్లో 17.1. టైర్లలో గాలి కూడా సరిచేయించాను కనుక మొత్తం గేర్ల పుణ్యమే అనను. మధ్యలో ఒక వారం మరీ తొందరగా, కింది పంచమం రాగానే పై గేర్లు వేసి చూశాను. లెక్కలో లాభమేమీ కనిపించలేదు, వణుకు మాత్రం తిరిగి వచ్చింది. మళ్లీ షడ్జానికే వచ్చేశాను.

శనివారం నా దగ్గర వర్ణాలు నేర్చుకునే పదకొండేళ్ల పిల్లను ఇంటి దగ్గర దింపాను. మూడో గేరులో వెళుతూ మాటల్లో పడి మార్చడం మరచిపోయాను. వెనక నుంచి, "టీచర్, కారు 'మ' దాకా వచ్చేసింది. మీరు 'స' దగ్గర మారుస్తారు కదా" అంది. ఈ పట్టిక సంగతి నేను ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు.

మార్చి 1, ఆదివారం

తమ్ముడు నిన్న ఓడ ఎక్కాడు. రీడరు నాకే వదిలి వెళ్లాడు, కానీ సొరుగులో పెట్టేశాను. స్పీడోమీటరు అద్దం మీద అంటించిన చిన్న ఎర్ర చుక్కలను, 31, 45, 63 దగ్గరవి, తీసేశాను. ఎత్తు కోసం పెట్టిన పచ్చ చుక్కలు రెండు మాత్రం ఉంచాను, 38 దగ్గర ఒకటి, 52 దగ్గర ఒకటి. ఎత్తు వచ్చినప్పుడు ఇంకా తడబడుతున్నాను.

ఎండలు ముదురుతున్నాయి, ఇక రోజూ ఏసీ తప్పదు. ఈ ఇంజనుకు ఏసీ అంటే మరో మనిషిని ఎక్కించుకున్నట్టే. నిన్న ఏసీ వేసి అదే హనుమంతవాక ఎత్తు ఎక్కితే 38 దగ్గర వేసిన మూడో గేరు కొద్దిగా సణిగింది. 42 దగ్గర వేస్తే ఒప్పుకుంది. ఒకసారి చూసినది లెక్కలోకి రాదు. వచ్చే ఆదివారం నలుగురితో, ఏసీతో సింహాచలం కొండ ఎక్కి చూడాలి. పుస్తకంలో ఆ పేజీకి గళ్లు గీసి ఉంచాను.